నేల మీద బరువు వేరు.. నీళ్లలో బరువు వేరు!

నోటిఫికేషన్ పడగానే మనం చూసేవి మూడు. పోస్టులు ఎన్ని? వయసు సరిపోతుందా? ఫిజికల్ ఎట్లుంటది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గ్రౌండ్లలో పొద్దున్నే పరుగు తీసే అభ్యర్థుల మధ్య ఎక్కువగా నలిగేది ఈ మూడో ప్రశ్నే. అందులోనూ ఎప్పుడూ నోట్లో నానే మాట బరువు. ‘నాలుగు కిలోలు తగ్గితే టైమింగ్ వస్తది’ అని ఒకరు, ‘నేను మరీ బక్కగున్న, మెడికల్‌లో తీసేస్తరేమో’ అని ఇంకొకరు.

పరుగు వరకు ఈ బెంగలో అర్థం ఉంది. కానీ బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చుకుని యూనివర్సిటీ పోటీలకో, స్పోర్ట్స్ కోటాకో, నేవీ, కోస్ట్‌గార్డ్‌లకో సిద్ధమవుతున్నవాళ్లు కూడా ఇదే కాటాను నీళ్లలోకి మోసుకెళ్తున్నారు. బరువు తగ్గితే ఈత వేగం దానంతటదే పెరుగుతుందని నమ్మి రాత్రి భోజనం మానేస్తున్నారు. లావుగా ఉన్నవాళ్లు పోటీలవైపే చూడట్లేదు. నిజానికి శరీర బరువుకీ ఈత వేగానికీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత సూటిగా లేదు. ఈ తేడా తెలియకపోతే మీ ప్రిపరేషనే కాదు, ఆరోగ్యమూ దెబ్బతింటుంది.

బొక్కెన చెప్పే పాఠం

చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకు ఇది అనుభవమే. నిండిన బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపు చాంతాడు తేలిగ్గా లాగొచ్చు. బొక్కెన నీటిమట్టం దాటి పైకి రాగానే చేతుల మీద అసలు బరువు పడుతుంది. బొక్కెన మారలేదు, అందులో నీళ్లూ మారలేదు. మారిందల్లా కింద నుంచి దాన్ని మోసే నీటి బలం. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇదే.

మనిషి శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతతో సమానం. గుండెల నిండా గాలి పీల్చుకుంటే నీటికంటే కాస్త తక్కువ, అందుకే తేలుతాం. ఊపిరి మొత్తం వదిలేస్తే నీటికంటే కాస్త ఎక్కువ, అందుకే మెల్లగా దిగుతాం. 80 కిలోల మనిషి పూర్తిగా మునిగి ఊపిరి వదిలేసినా నీళ్లలో అతని బరువు సాధారణంగా మూడు నాలుగు కిలోలకు మించదు. మిగతాదంతా నీరే మోస్తుంది.

పరుగులో ఈ సౌకర్యం లేదు. ప్రతి అడుగులో మొత్తం శరీరాన్ని మీరే పైకి లేపాలి, మీరే ముందుకు తోయాలి. కాబట్టి పరుగుకు అయ్యే శక్తి దాదాపు బరువుతో పాటే పెరుగుతుంది. ఈతలో మీ అసలు శత్రువు భూమ్యాకర్షణ కాదు, ఎదురుగా ఉన్న నీరు. గాలికంటే నీరు సుమారు 800 రెట్లు చిక్కన. దాన్ని చీల్చుకుంటూ పోవాలి.

ఎదురయ్యే నీటి లెక్క

నీటి నిరోధం ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, మీ వేగం. రెండు, నీటికి ఎదురుగా నిలబడే మీ శరీర వైశాల్యం. మూడు, మీ ఆకారం ఎంత నున్నగా, సూటిగా ఉందన్నది. ఇందులో బరువు అనే పదం నేరుగా లేదు. బరువు పెరిగినప్పుడు నడుము, ఛాతీ వెడల్పై వైశాల్యం పెరుగుతుంది. ఆ దారిలోనే అది వేగాన్ని తాకుతుంది.

వేగం పెరిగేకొద్దీ నిరోధం ఎట్లా పెరుగుతుందో చూడండి. వేగం రెండింతలైతే నిరోధం సుమారు నాలుగింతలు, దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. 10 శాతం వేగం పెంచాలంటే శక్తి దాదాపు 33 శాతం పెరగాలి. అంటే ఒళ్లు హూనం చేసుకుని చేతులు వేగంగా కొట్టడం కన్నా నీటి నిరోధాన్ని తగ్గించుకోవడమే తెలివైన దారి.

మన ప్రాంతంలో బావిలో నేర్చుకున్నవాళ్లకు ఇక్కడే చిక్కు. నడుముకు బెండ్లో డబ్బానో కట్టుకుని నేర్చుకున్న ఈతలో తల నీటిపైన ఉంటుంది. దారి కనిపించాలి కదా, పైగా కళ్లద్దాలు ఉండవు. తల పైకి లేస్తే తుంటి, కాళ్లు కిందికి దిగుతాయి. శరీరం పడవలా పడుకోవాల్సింది పోయి ఏటవాలుగా వేలాడుతుంది. అప్పుడు 60 కిలోల బక్క మనిషి కూడా నీటికి పెద్ద గోడలా ఎదురవుతాడు. తల దించి, చూపు నీటి అడుగు వైపు పెట్టి, తుంటిని నీటిమట్టానికి తెచ్చిన 80 కిలోల స్విమ్మర్ అతన్ని సులువుగా దాటేస్తాడు. కాళ్లు దిగిపోవడానికి ఒక కారణం ఉంది. మన తేలే బలం ఊపిరితిత్తులున్న ఛాతీ దగ్గర కేంద్రీకృతమై ఉంటుంది, బరువు కేంద్రం నడుము దగ్గర ఉంటుంది. ఆ రెండింటినీ సరితూచడమే ఈతలో మొదటి విద్య.

కొవ్వు, కండ విషయానికొస్తే కొవ్వు సాంద్రత నీటికంటే తక్కువ కాబట్టి తేలుతుంది. కండ సాంద్రత ఎక్కువ కాబట్టి మునుగుతుంది, కానీ నెట్టే శక్తి ఇచ్చేది కండే. స్త్రీలలో తుంటి, తొడల దగ్గర కొవ్వు సహజంగా ఎక్కువగా ఉండటం వల్ల కాళ్లు పైకి తేలడం సులువవుతుంది. ఒకే వేగంతో ఈదడానికి సగటున పురుషులకంటే స్త్రీలకు తక్కువ శక్తి సరిపోవడానికి ఇదీ ఒక కారణం.

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలినవాళ్లకు తెలుసు. కాటా మీద బస్తా ఎంత తూగిందన్నదొక్కటే సరిపోదు, అందులో తేమ ఎంతో చూస్తారు. కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం దాటితే పేచీ. శరీరమూ అంతే. 75 కిలోలు అన్న అంకెకు అర్థం అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఎత్తు ఎంత అన్నది తెలిశాకే వస్తుంది.

ఏడు కిలోల తేడా ఎంత?

ఒక ఉదాహరణ వేసుకుందాం. 70 కిలోల అభ్యర్థి ఉన్నాడు. 1600 మీటర్లు 7 నిమిషాల్లో పరిగెడతాడు. 100 మీటర్ల ఫ్రీస్టైల్ 60 సెకన్లలో ఈదుతాడు. ఆరు నెలల్లో 7 కిలోలు పెరిగాడు, అంతా కొవ్వే. శక్తి మాత్రం పాతదే.

పరుగు సమయం దాదాపు బరువు పెరిగిన మేరకే పెరుగుతుంది. 10 శాతం బరువుకు సుమారు 42 సెకన్లు. 7 నిమిషాలు కాస్తా 7 నిమిషాల 42 సెకన్లవుతుంది. తెలంగాణ పోలీస్ నియామక మండలి 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ పురుష అభ్యర్థులకు 1600 మీటర్లకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే పాసవ్వాల్సినవాడు ఫెయిల్.

అదే మనిషి ఈత చూడండి. ఆకారం అదే తీరులో పెరిగిందనుకుంటే నీటికి ఎదురయ్యే వైశాల్యం 6 నుంచి 7 శాతం పెరుగుతుంది. వేగం సుమారు 2 శాతం తగ్గుతుంది. 60 సెకన్లు కాస్తా 61.3 సెకన్లవుతుంది. పోటీలో అది పెద్ద తేడానే, కానీ పరుగులో పడిన దెబ్బలో నాలుగో వంతు కూడా కాదు.

ఇప్పుడు ఆ 7 కిలోలూ వీపు, భుజాలు, తొడల్లో కండగా వచ్చిందనుకోండి. నీటిని నెట్టే శక్తి కూడా 10 శాతం పెరిగిందనుకోండి. వైశాల్యం పెరిగినా, శక్తి దాన్ని మించిపోతుంది. 60 సెకన్లు 59.4 సెకన్లకు దిగుతుంది. అంటే అవే ఏడు కిలోలు ఒకసారి సెకనుకు పైగా వెనక్కి లాగాయి, ఇంకోసారి అరసెకనుకు పైగా ముందుకు తోశాయి. ఇవి సూత్రాలతో వేసిన ఉజ్జాయింపు లెక్కలే. మనిషి మనిషికీ తేడా ఉంటుంది. అయినా దిశ మాత్రం స్పష్టం. పరుగుకు బరువు అనే అంకె నేరుగా లెక్కలోకి వస్తుంది, ఈతకు అది దొడ్డిదారిన వస్తుంది.

నీటిలోనూ బరువు నేరుగా పట్టుకునే చోట్లు రెండున్నాయి. స్టార్టింగ్ బ్లాక్ మీద నుంచి దూకేటప్పుడు, గోడ దగ్గర తిరిగి తన్నుకునేటప్పుడు. అక్కడ మీ కాళ్ల బలం మీ మొత్తం శరీరాన్ని నెట్టాలి. అందుకే 50 మీటర్ల స్ప్రింటర్లకు కాళ్లలో పేలే శక్తి, అనవసరపు కొవ్వు లేని నడుము రెండూ కావాలి.

చాంపియన్లది ఒకే సైజు కాదు

కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్‌లకు బరువు విభాగాలున్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల ఫైనల్ ముందు 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు అనర్హురాలైన సంగతి మీకు తెలిసిందే. ఈతలో అలాంటి కాటా లేదు. 50 కిలోలవారూ 100 కిలోలవారూ పక్కపక్క లైన్లలో దూకొచ్చు.

దూకారు కూడా. ఆస్ట్రేలియా స్విమ్మర్ ఇయాన్ థోర్ప్ ఎత్తు 195 సెంటీమీటర్ల పైన, బరువు 100 కిలోల పైన. 2000, 2004 ఒలింపిక్స్‌లో కలిపి 5 స్వర్ణాలు. అమెరికాకు చెందిన జానెట్ ఇవాన్స్ 1988లో సియోల్‌లో 3 స్వర్ణాలు గెలిచినప్పుడు 50 కిలోలు కూడా లేదు. ఆమె 1989లో నెలకొల్పిన 800 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. జపాన్ బ్రెస్ట్‌స్ట్రోక్ వీరుడు కొసుకె కితాజిమా ఎత్తు 178 సెంటీమీటర్లే. అయినా 2004, 2008 ఒలింపిక్స్ రెండింటిలోనూ 100, 200 మీటర్ల స్వర్ణాలు అతనివే.

పొడవు, పెద్ద చేతులు, పెద్ద పాదాలు సాయపడతాయన్నది నిజం. పొడవైన పడవ అలల్ని తక్కువ లేపినట్టే, పొడవైన శరీరం నీటి ఉపరితలం మీద సాఫీగా జారుతుంది. కానీ బరువు అంకె ఒక్కటి చూసి ఎవరు గెలుస్తారో చెప్పలేం.

ఇంకో బలమైన రుజువు స్విమ్‌సూట్ల గొడవ. 2008, 2009లలో శరీరాన్ని బిగదీసి, నున్నగా చేసి, కాస్త తేలేలా చేసే ప్రత్యేక సూట్లు వచ్చాయి. 2009 రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. స్విమ్మర్ల బరువు రాత్రికి రాత్రి తగ్గలేదు. మారింది ఆకారం, తేలే తీరు. ఆ సూట్లను 2010 నుంచి నిషేధించారు. సూట్ పోయింది గానీ పాఠం మిగిలింది. నీటిలో శరీరాన్ని ఎట్లా అమర్చుకుంటారన్నదే వేగానికి కీలకం.

మనవాళ్లు సముద్రం దాటిన తీరు

దూరం పెరిగేకొద్దీ బరువు లెక్క మళ్లీ మారుతుంది. హైదరాబాద్‌లో స్థిరపడిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. ఆ తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల సముద్ర ఈతను కొన్ని రోజుల పాటు సాగించి 2025 జనవరి మొదట్లో పూర్తిచేశారు. అంతకుముందు 2012లో మన ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది కూడా పాక్ జలసంధిని ఈదారు. వీళ్లెవరూ కుర్రకారు అథ్లెట్లు కారు. వాళ్లను దాటించింది గంటల తరబడి ఒకే లయలో సాగే స్ట్రోక్, క్రమం తప్పని సాధన.

ఇంగ్లిష్ చానల్ లాంటి చల్లటి నీళ్లలో అయితే ఒంటి మీద కాస్త కొవ్వు ఉండటం లాభం. అది దుప్పటిలా వేడిని కాపాడుతుంది. అక్కడ ఈదేందుకు కావాలనే బరువు పెంచుకునేవాళ్లున్నారు. పైగా ఉప్పు నీరు మంచినీటికంటే రెండున్నర శాతం చిక్కన, మనిషిని ఇంకాస్త తేలుస్తుంది. చెరువులో మునిగినట్టనిపించే మనిషి సముద్రంలో తేలిగ్గా అనిపించడానికి కారణం ఇదే. ఒకే శరీరం, ఒకే బరువు. పోటీ మారితే, నీరు మారితే ఫలితం మారుతుంది.

ఆకలి కడుపుతో వేగం రాదు

ఇక అసలు ప్రమాదం. నెలలో అయిదారు కిలోలు తగ్గాలని అన్నం మానేసి, నీళ్లు తగ్గించి, రెండు పూటలా ఈదితే ముందుగా కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. మొదటి రోజుల్లో కాటా మీద అంకె పడిపోతే సంబరంగా ఉంటుంది. అందులో చాలా భాగం ఒంట్లోని నీరే. చివరి 25 మీటర్లలో చేతులు లేవకపోతే అప్పుడు తెలుస్తుంది.

శిక్షణకు తగ్గ ఆహారం లేకపోవడం వల్ల వచ్చే ఈ శక్తి లోటుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఒక పేరే పెట్టారు. దాన్ని రెడ్-ఎస్ అంటారు. ఎముకలు బలహీనపడటం, తరచూ జబ్బు పడటం, నిద్ర పట్టకపోవడం, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం దీని గుర్తులు. నెలసరి ఆగిపోవడం ‘బాగా ప్రాక్టీస్ చేస్తున్నాం’ అనడానికి గుర్తు కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్లమన్న హెచ్చరిక.

ప్రపంచ ఈతలో పెద్ద దేశమైన ఆస్ట్రేలియాలోనే ఈ సమస్య బయటపడింది. అక్కడి మహిళా స్విమ్మర్ల అనుభవాలపై వేసిన స్వతంత్ర కమిటీ నివేదిక 2022లో వచ్చింది. శరీరాకృతి మీద, బరువు మీద కోచ్‌ల వ్యాఖ్యలు ఎంత హాని చేశాయో అందులో ఉంది. క్రీడా సమాఖ్య క్షమాపణ చెప్పింది. అంత పెద్ద వ్యవస్థలోనే ఇలా జరిగితే, ‘లావున్నవ్, నీతోని కాదు’ అని తేలిగ్గా అనేసే మన దగ్గర ఎంతమంది మధ్యలో ఆగిపోతున్నారో ఆలోచించండి.

మరి ఉద్యోగాల సంగతేంటి?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా రాసే యూనిఫాం ఉద్యోగాల ఎంపికలో ఈత పరీక్ష ఉండదు, పరుగు ఉంటుంది. కోస్ట్‌గార్డ్ నావిక్ ఎంపికలో 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరిగెత్తాలి, 20 గుంజీలు, 10 పుషప్‌లు తీయాలి. ఎత్తు కనీసం 157 సెంటీమీటర్లు, బరువు ఎత్తుకూ వయసుకూ తగ్గట్టు ఉండాలి, 10 శాతం అటూ ఇటూ సడలింపు. ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కు పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. ఈత అవసరం నేవీ, కోస్ట్‌గార్డ్‌లలో చేరాక శిక్షణలో వస్తుంది.

అంటే మీకు రెండు లెక్కలు కావాలి. ఎంపిక దాటడానికి నేల లెక్క, అక్కడ అనవసరపు బరువు నేరుగా దెబ్బ కొడుతుంది. శిక్షణలో, డ్యూటీలో నిలబడటానికి నీటి లెక్క, అక్కడ స్ట్రోక్, ఊపిరి, కండబలం పనిచేస్తాయి. ఈ రెండింటినీ ఒకే కాటాతో కొలిస్తేనే తప్పు.

స్పోర్ట్స్ కోటా మరో దారి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన ఉత్తర్వులతో ప్రతిభ గల క్రీడాకారులకు ప్రత్యక్ష నియామకాల్లో 2 శాతం కోటా ఏర్పడింది. రైల్వేలు, సాయుధ బలగాలు కూడా స్విమ్మర్లను తీసుకుంటాయి. జాతీయ ఈత పోటీల్లో రైల్వేస్, సర్వీసెస్ జట్ల జోరు అందుకే. 2021లో ఒలింపిక్స్ ‘ఏ’ ప్రమాణాన్ని అందుకున్న తొలి భారత స్విమ్మర్ సాజన్ ప్రకాశ్ అప్పటికి కేరళ పోలీస్ శాఖలో ఇన్‌స్పెక్టర్. అయితే ఈ పోస్టులు తక్కువ, అడిగే స్థాయి ఎక్కువ. ఏదో ఒక స్థానిక పోటీ సర్టిఫికెట్‌తో పని కాదు. గుర్తింపు ఉన్న జాతీయ పోటీల్లోనో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో స్థానం కావాలి, అదీ నిర్ణీత ఫారంలో. మీ కాలేజీ నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరిధిలో ఉంటే సెలక్షన్లు ఎప్పుడో మీ పీడీ సార్‌ను ఇప్పుడే అడగండి. ఇంజినీరింగ్ విద్యార్థులకు జేఎన్‌టీయూ సెలక్షన్లు వేరు.

పోటీ స్థాయి రాకపోయినా ఈత వృథా కాదు. డిగ్రీతో పాటు ఆడిన రికార్డు ఉన్నవారికి పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఉంది. లైఫ్‌గార్డ్ శిక్షణకు గోవాలోని జాతీయ జల క్రీడల సంస్థ, రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఉన్నాయి. చేరేముందు ఫీజు, సర్టిఫికెట్ చెల్లుబాటు నేరుగా ఆ సంస్థల దగ్గరే కనుక్కోండి, మధ్యవర్తుల మాట నమ్మకండి.

వరద ముందు ప్రపంచ చాంపియన్ కూడా..

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు 1న కురిసిన వాన మన ప్రాంతం మరచిపోదు. కోదాడ నీట మునిగింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి రోజుల్లో వచ్చే ఎన్డీఆర్ఎఫ్‌కు నేరుగా నియామకాలు ఉండవు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ నుంచి డిప్యుటేషన్ మీద తీసుకుంటారు. అంటే మీరు రాసే జీడీ కానిస్టేబుల్ పరీక్ష ఆ దారికి మొదటి మెట్టు. మనకు దగ్గరి బెటాలియన్ విజయవాడ పక్కన కొండపావులూరులో ఉంది.

ఆ ఉద్యోగంలో వేగం ఎంత పనికొస్తుందో ఒక్క లెక్క చెబుతుంది. చైనా స్విమ్మర్ పాన్ జాన్లే పారిస్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు. సగటు వేగం సెకనుకు 2.16 మీటర్లు. గంటకు 7.8 కిలోమీటర్లు, అంటే నింపాదిగా జాగింగ్ చేసే వేగం. వాగు పొంగినప్పుడు నీరు సెకనుకు 3 మీటర్లు దాటడం వింత కాదు. అంటే ప్రపంచంలోనే అత్యంత వేగవంతుడైన ఈతగాడు కూడా ఆ ప్రవాహానికి ఎదురీదలేడు. అందుకే రక్షక బృందాలు తాడు, పడవ, లైఫ్ జాకెట్ మీద ఆధారపడతాయి. పైగా మునిగినవాళ్లను నీళ్లలో లాగడం తేలికే గానీ ఒడ్డుకు ఎత్తేటప్పుడు బొక్కెన పాఠం గుర్తుకొస్తుంది, మొత్తం బరువు చేతుల మీద పడుతుంది. ఆకలితో ఎండిపోయిన ఒళ్లు అక్కడ నిలబడదు.

దేశంలో 2022లో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. సాగర్ కాలువకు సిమెంటు లైనింగ్ ఉన్నచోట ఏటవాలు గట్లు పాచి పట్టి జారతాయి, ఎక్కడానికి పట్టు దొరకదు. ఎంత ఈత వచ్చినా ప్రాక్టీస్ కోసం కాలువలో దిగకండి. మెట్లున్న బావి అయినా ఒంటరిగా వద్దు. కొలను అందుబాటులో ఉంటే కోచ్ ఉన్న వేళల్లో వెళ్లండి. 50 మీటర్ల పోటీ కొలను అనుభవానికి గచ్చిబౌలి అక్వాటిక్స్ కాంప్లెక్స్ లాంటి చోట నెలకోసారి టైమింగ్ చూసుకున్నా మంచిదే.

కాటా బదులు ఈ నాలుగు రాసుకోండి

మీ డైరీలో పదిహేను రోజులకోసారి ఈ అంకెలు పెట్టండి.

ఒకటి, 50 మీటర్ల సమయం. ఎప్పుడూ ఒకే కొలనులో, ఒకే రకంగా మొదలుపెట్టి చూడండి.

రెండు, ఆ 50 మీటర్లకు ఎన్ని స్ట్రోకులు పడ్డాయో లెక్కపెట్టండి. సమయం అంతే ఉండి స్ట్రోకులు తగ్గితే నీటి నిరోధం తగ్గుతోందని అర్థం. వేగానికి పునాది పడుతున్నట్టే.

మూడు, నడుము చుట్టుకొలత. బరువు పెరిగి నడుము పెరగకపోతే కండ వస్తోంది, కంగారు వద్దు. రెండూ పెరిగితే తిండి లెక్క సరిచూసుకోండి.

నాలుగు, 1600 మీటర్ల పరుగు. ఎంపికలో మిమ్మల్ని అడిగేది ఇదే కాబట్టి దీన్ని ఈతకు బలిపెట్టొద్దు.

బరువు వారానికోసారి, పరగడుపున చూసుకుంటే చాలు. తగ్గాల్సి ఉంటే నెమ్మదిగా, వారానికి అరకిలోకు మించకుండా తగ్గండి. అన్నం పూర్తిగా మానే బదులు పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు చేర్చుకుని నూనె వంటకాలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. బరువు తగ్గుతూ సమయం కూడా చెడితే మీ డైట్ తప్పు దారిలో ఉన్నట్టు, అక్కడే ఆగండి. బరువు తక్కువై మెడికల్ భయం ఉన్నవాళ్లకూ ఇదే సూత్రం. నోటిఫికేషన్ వచ్చాక నెల రోజుల్లో అరటిపండ్లు మింగి పెంచే బరువు కాదు, ఆరు నెలల ముందు నుంచి బలంతో పాటు పెంచుకునే బరువు కావాలి.

‘అన్నా, నేను జర లావున్న.. ఈతల పనికొస్తనా?’ అని మీ జూనియర్ ఎవరైనా అడిగితే కాటా ఎక్కమనకండి. ముందు తల దించి, తుంటి లేపి పది మీటర్లు జారమనండి. ఎంత దూరం పోయాడో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టించండి.